మడ్డి అంటిన చేతులు

మన యిండ్లలో చేతుల శుభ్రతకున్న గౌరవము చేతిపనికి లేదు. భోజనమునకు ముందు చేతులు కడుగుకొనుమని పిల్లలకు నేర్పుదుము, అది మంచిదే. కాని చేయి మురికి కాకుండ బ్రదుకగలుగుటయే పెద్దరికమని కూడ, నోటితో చెప్పకయే, నేర్పుచున్నాము. కుళాయి చెడినచో కబురంపుదుము. సైకిలు గొలుసు జారినచో ఎవరినో పిలుతుము. వచ్చి బాగుచేసినవానికి గుమ్మము బయటనే నిలువబెట్టి మంచినీళ్లిత్తుము. చదువుకొన్నవారము, సంస్కరణమును గూర్చి సభలలో మాటలాడినవారము, మేమును ఈ నేరము చేసినవారిలోని వారమే. కావున ఈ వ్యాసము ఇతరులకు బుద్ధి చెప్పుటకు వ్రాయుచున్నది కాదు. డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట, సముద్రముల కావల ఒక షెడ్డులో, ఒక పాత లారీ యెదుట మాకు కలిగిన సిగ్గును దాచుకొనక చెప్పుటకు వ్రాయుచున్నాము.

గత వేసవిలో మేము కెనడా దేశమున ఆషావా పట్టణములో కాపురమున్న మా కుమారుని యింట మూడు నెలలుంటిమి. టొరంటో మహానగరమునకు తూర్పున, అంటారియో సరస్సు నొడ్డున ఉన్నదీ యూరు. గుఱ్ఱపుబండ్లు చేయు మెక్లాగ్లిన్ కుటుంబమువారు 1876లో తమ కార్ఖానాను ఇచ్చటికి తెచ్చిరి. బండ్లు చేసిన ఆ చేతులే పిమ్మట మోటారుకార్లు చేసినవి. 1918లో ఆ కార్ఖానాయే జనరల్ మోటార్స్ వారి కెనడా శాఖ ఆయెను. నాటినుండి ఆ పట్టణమునకు మోటారు పరిశ్రమయే కులవిద్య వంటిది.

మా మనుమరాలికి పందొమ్మిదేండ్లు. ఇంజనీరింగు చదువుచున్నది. ఒకనాటి రాత్రి భోజనముల యొద్ద, తాను ప్రతి శనివారము ఊరి విమానాశ్రయము ప్రక్కనున్న సైనిక వాహనముల మ్యూజియములో స్వచ్ఛంద సేవకురాలుగా చేరదలచినదని చెప్పినది. జీతమేమియు లేదట. పాత టాంకులను, లారీలను విప్పి, తుప్పు గీకి, మరల నడచునట్లు చేయుటయే పనియట.

మాకు ముద్ద దిగలేదు. మేము గాంధీగారి పేరు వినుచు పెరిగిన యింటివారము. మనుష్యులను చంపుటకు చేసిన యంత్రములకు ముస్తాబు చేయుట యేమి పుణ్యమని యడిగితిమి. అది మొదటి ఆక్షేపణ. ఇంత చదువు చదివి మెకానిక్కు షెడ్డులో మడ్డి పూసికొనుట యెందులకని రెండవది. రెండవదానిని కొంచెము మెత్తగా, ఆరోగ్యమునకు మంచిది కాదను రీతిగా, పలికితిమి.

మా కోడలు వడ్డించుచున్న గరిటె దించి, "మామయ్యగారూ, ఇదే మాట మగపిల్లవాడు అడిగితే కాదనేవారా?" అనెను. మేము పలుకలేదు. మా మూడవ ఆక్షేపణను మేము చెప్పకుండగనే ఆమె పట్టుకొన్నది. మనుమరాలు మాత్రము కోపపడక, "తాతగారూ, ఒక్క శనివారం నాతో రండి. చూసిన తరువాత వద్దంటే మానేస్తాను" అన్నది. ఆ మాటకు కట్టుబడి పోయితిమి.

ఆ మ్యూజియము అంటారియో రెజిమెంటు అను పటాలమునకు సంబంధించినది. ఆ పటాలము 1866లో పుట్టినది. మ్యూజియమున్న విమానాశ్రయమే 1941లో, యుద్ధమునకు విమానచోదకులను తయారుచేయు ప్రాథమిక శిక్షణశాలగా వెలసినది. అచ్చట నూటికి పైగా వాహనములు కలవు: టాంకులు, కవచపు కార్లు, లారీలు, జీపులు. గొలుసుకట్టిన అద్దపు పెట్టెలలోని వస్తువుల వలె గాక, వానిలో అనేకములు తమ యింజనుతో తాము నడచును. నడుపుట వేడుక కొరకు మాత్రమే కాదని మాకు అచ్చట తెలిసినది. నడుపని బండి చెడును. పెట్రోలు నిలువయుండి బంకవలె చిక్కబడి సన్నని గొట్టములను మూసివేయును. బ్రేకులలోని రబ్బరు బిరుసెక్కి పగులును. పిస్టన్లు తమ గూళ్లలో తుప్పుతో కరచుకొనిపోవును. అట్టి యింజనును బలవంతముగా త్రిప్పిన విరుగును గాన, నూనె పోసి నానబెట్టి, దినముల తరబడి వేచి, వెండ్రుకవాసి కదలినదాయని చూచుచు మెల్లగా త్రిప్పవలెను. రోగి నాడి చూచు వైద్యునికి కూడ అంత ఓర్పుండదేమో.

ఇదంతయు చేయుచున్నవారు స్వచ్ఛంద సేవకులు. మోటారు కార్ఖానాలో ముప్పదియేండ్లు పనిచేసి విశ్రాంతి తీసికొనిన వృద్ధుడొకడు. పాఠశాలలో లెక్కలు చెప్పు ఉపాధ్యాయిని యొకతె. బ్యాంకు ఉద్యోగి యొకడు. పూర్వము సైన్యమున నుండినవారు కొందరు. ఆ ఉపాధ్యాయిని నేలపై పరచిన అట్టముక్కమీద వెల్లకిల పండుకొని, లారీ క్రిందనుండి చేయి చాచి పానా అడుగుచుండెను. బ్యాంకు ఉద్యోగి దానిని అందించుచుండెను. ఎవరు ఎవరికంటె పెద్దయో ఆ షెడ్డులో తెలిసికొనుట కష్టము. ఏ బోల్టు ఎచ్చటిదో తెలిసినవాడే ఆ క్షణమున గురువు.

ఆ వృద్ధుడు మమ్ము ఒక లారీ యొద్దకు తీసికొనిపోయెను. మూతి పొట్టిగా, మొండిగా ఉన్నది. ముందరి గాజుపలకలు పైనుండి క్రిందికి లోపలివైపు వాలియున్నవి. ఎండ తళుక్కుమని శత్రువిమానములకు కనబడకుండుటకట్లు చేసిరట. స్టీరింగు చక్రము కుడివైపున, మన దేశపు బండ్లకు వలె, ఉన్నది. "ఇది ఈ యూరిలోనే పుట్టినది" అని యాయన గర్వముగా చెప్పెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున కెనడా కార్ఖానాలు 8,00,000కు పైగా సైనిక వాహనములు చేసెను. వానిలో 4,00,000కు పైగా ఈ తరహా లారీలే. ఫోర్డువారు విండ్సరులోను, షెవర్లే పేరున జనరల్ మోటార్స్ వారు ఈ ఆషావాలోను వీనిని చేసిరి. బ్రిటిషు సామ్రాజ్యపు సేనలు పోరిన ప్రతి భూమిమీదను ఇవి తిరిగినవి. మన దేశమునకు వచ్చిన చట్రములకు జంషెడ్‌పురపు టాటా ఉక్కు పలకలు బిగించి కవచపు బండ్లు చేసిరి. సైనికులు వానిని "టాటానగర్" అని పిలిచెడివారు.

షెవర్లే యను మాట వినగానే మాకు మా మేనమామ జ్ఞప్తికి వచ్చెను.

మా మేనమామ 1942లో, పందొమ్మిదవ యేట, సైన్యమున డ్రైవరుగా చేరెను. దేశభక్తియు కాదు, రాజభక్తియు కాదు. ఇంట తినుటకు లేదు. ఆ యుద్ధమున భారతసైన్యము 25,00,000 మందికి పెరిగినది. నిర్బంధముగా చేర్చుకొనినవారు లేరు గనుక దానిని స్వచ్ఛంద సైన్యమందురు. ఆకలి త్రోయగా చేరినదానిని స్వచ్ఛందమనవచ్చునా యను ప్రశ్న మాకెప్పుడును తీరలేదు. ఆయన ఇటలీ దాక పోయి, లారీలలో ఆహారము, మందుగుండు మోసి, ప్రాణముతో తిరిగివచ్చెను. పిమ్మట బెజవాడ, బందరుల నడుమ బస్సు నడిపి బ్రదికెను. "షెవర్లే బండి మాట వింటుందిరా, మనిషికన్నా నయం" అని మాతో అనెడివాడు. ఆయన అరచేతుల గీతలలో మడ్డి దిగి, ఎంత తోమినను పోయెడిది కాదు. పండుగకు మా యింటికి వచ్చినప్పుడు, చేతులు వెనుకకు పెట్టుకొని వీధి అరుగుమీద కూర్చుండెడివాడు.

మాకు పెండ్లిసంబంధములు వచ్చునప్పుడు మా అమ్మ తన తమ్ముని గూర్చి "మిలటరీలో గుమాస్తాగా చేశాడు" అని చెప్పెడిది. డ్రైవరని చెప్పిన సంబంధము తప్పునని భయము. మేమప్పటికే పట్టా పుచ్చుకొని, కులభేదము పోవలెనని పత్రికలకు వ్రాయుచుంటిమి. ఆ అబద్ధమును పక్కనే కూర్చుండి వింటిమి, దిద్దలేదు.

ఆయన 1971లో పోయెను. పెట్టెలో ఒక నక్షత్రము దొరికెను. ఆరు కొనలు, పసుపుపచ్చని లోహము, ఎరుపు తెలుపు ఆకుపచ్చ చారల రిబ్బను. ఇటలీలో సేవచేసినవారికిచ్చిన పతకమది. మరుసటి యేడు వీధిలోనికి స్టీలు సామానులవాడు వచ్చెను. ఆ దినములలో పాత ఇత్తడి, రాగి తూచి యిచ్చి స్టీలు గిన్నెలు కొనుట ప్రతి యింటను ఉన్నదే గదా. మా అమ్మ చెంబులు, పళ్లెములు మూటగట్టి, తూకమునకు కొంచెము తక్కువైనదని చెప్పగా, మేమే లోనికి పోయి ఆ నక్షత్రమును తెచ్చి తక్కెడలో వేసితిమి. రిబ్బను కత్తిరించి పారవైచితిమి. తక్కెడ సరిపోయెను.

ఈ సంగతి మేము ఏబదియేండ్లు ఎవరికిని చెప్పలేదు. చెప్పదగిన సంగతి యని తోచలేదు. అదియే మరింత సిగ్గుచేటు. ఆ షెడ్డులో, కుడిచేతి స్టీరింగుమీద చేయి వేసి నిలువగా తోచినది.

మా మౌనము చూచి ఆ వృద్ధుడు కారణమడిగెను. మేనమామ ఇటలీలో లారీ నడిపెనని మాత్రము చెప్పితిమి. ఆయన ముఖము మారినది. "అట్లయిన మీవారు, మావారు ఒకే చోట నుండిరి" అని, గోడమీది పటము యొద్దకు మమ్ము తీసికొనిపోయి చూపెను.

1944 మే 11 రాత్రి, కసీనోకు దక్షిణమున గారీ నదిని దాటవలసినవారిలో మన 8వ భారతీయ డివిజను కలదు. మన సాపర్లు శత్రువుల కాల్పుల నడుమ చీకటిలో వంతెనలు కట్టిరి. మే 12న ఆ వంతెనలమీదుగా దాటి మన పదాతులకు అండగా నిలిచినవి కెనడా టాంకులు. అవి ఈ అంటారియో పటాలమువి, కాల్గరీ పటాలమువి. ఆనాటి పోరులోనే కమల్ రామ్ అను సిపాయి, పందొమ్మిదేండ్లవాడు, విక్టోరియా క్రాసు పొందెను. ఇటలీలో పోరిన భారతీయులు సుమారు 50,000 మంది. మేము పాఠశాలలో గాని కళాశాలలో గాని ఈ నది పేరు వినలేదు. మా యింటిలోనే దాని సంగతి తెలిసినవాడు ఒకడుండియుండవచ్చును. అరుగుమీద కూర్చున్న వానిని, ఏ నదులు దాటితివి మామయ్యా యని మేమొక్కనాడును అడుగలేదు.

ఆ పటాలమువారు యేటేట జరుపు ఉత్సవమునకు ఆక్వీనో అని పేరు. మేము అది గెలుపు పేరనుకొంటిమి. కాదు. గారీ దాటిన వారము దినములకు, 1944 మే 19న, హిట్లరు రేఖ యను రక్షణపంక్తి మీదికి, ఆక్వీనో పట్టణము యెదుట, ఈ పటాలపు టాంకులు పొగమంచులో పోయెను. మంచు ఒక్కసారిగా విడిపోయినది. ఎదుట ఫిరంగులు పొంచియుండెను. ఆ దినమున 13 టాంకులు పోయెను. ఆ దెబ్బ తిన్న దినము పేరనే వారు టాంకులు నడిపి చూపుదురు.

ఈ మాట మా మొదటి ఆక్షేపణను కొంత సడలించినది. పూర్తిగా పోయినదని చెప్పము. నాటి మధ్యాహ్నము టాంకొకటి గర్జించుచు మైదానములో తిరుగగా పిల్లలు చప్పట్లు కొట్టిరి. ఆ చప్పట్లు మాకు రుచింపలేదు. యుద్ధము జాతర వలె కనబడుట ప్రమాదమే. ఆ మాట వృద్ధునితో చెప్పితిమి. ఆయన వాదింపలేదు. "చప్పట్లయిన పిమ్మట వారిని లోపలికి చూడనిత్తుము" అనెను.

మేమును చూచితిమి. షెర్మను టాంకు బరువు సుమారు ముప్పది టన్నులు. దాని లోపల ఐదుగురు. బయట కొండవలె ఉన్నది. లోపల మన వంటింటి అటకకంటె ఇరుకు. మోకాలు చాచుటకు తావు లేదు. కూర్చున్నవాని ప్రక్కనే గుండ్ల అరలు. నిప్పంటుకొన్నచో పై మూతనుండి ఎగబ్రాకవలసినదే. మా మనుమరాలు చోదకుని పీఠములో దిగి, మరల పైకి వచ్చుటకు ఎంతసేపు పట్టినదో మేము చూచుచుంటిమి. ఆరోగ్యవంతురాలు, పగటివేళ, ఎవరును కాల్చనివేళ. అయినను మా గుండె కొట్టుకొన్నది. యుద్ధము తగదని మేమిచ్చిన ఉపన్యాసము లన్నిటికంటె ఆ మూత యెక్కువ చెప్పినది. అట్లు చూపువారు లేనిచో ఆ యంత్రము వట్టి ఆటబొమ్మ యగునని కూడ మాకు తోచినది. ఇనుమును నిలిపియుంచుట చాలదు. దాని ప్రక్కన నిజము చెప్పు మనుష్యుడొకడు నిలువవలెను.

షెర్మను టాంకులలో ఒక రకమునకు, తగిన పెద్ద యింజను దొరకక, ఐదు మోటారుకారు యింజనులను ఒక్కటిగా కూర్చి, ముప్పది సిలిండర్లతో నడిపిరట. ఆ సంగతి చెప్పునప్పుడు మా మనుమరాలి కన్నులు వెలిగినవి. అది చంపుటను గూర్చిన వెలుగు కాదు. కష్టమైన పనిని మనుష్యుడు ఎట్లు సాధించెనో చూచిన వెలుగు. ఆ వెలుగును ఆడపిల్ల కంటిలో చూచి భయపడుట మా తప్పు.

చదువరులారా, మన దేశమున ఇట్టివి లేవని చెప్పుట మా యభిప్రాయము కాదు. అహమద్‌నగరమున కవచదళమువారు 1994లో టాంకుల మ్యూజియము పెట్టిరి. విశాఖపట్టణపు సముద్రతీరమున కుర్సురా జలాంతర్గామిని 2002 నుండి ప్రజలు లోపలికి పోయి చూచుచున్నారు. ఇవి ప్రభుత్వము పూనిక వలన నిలిచినవి, మెచ్చదగినవి. కాని ప్రభుత్వము పూనినదే మిగులునని, మనము చేయవలసినది టిక్కెట్టు కొని చూచుటయేనని అనుకొనుట మనకు అలవాటైనది. మన యూరి చేతి అచ్చుయంత్రము, తాత తిప్పిన మగ్గము, మొదటి రైసుమిల్లు చక్రము, పంచాయతీబావి గిలక — ఇవి తుక్కుకు పోవునప్పుడు ప్రభుత్వమును నిందింతుము. ఒక ఆదివారము పదిమంది చేరి గరుకు కాగితముతో తుప్పు గీకి, నూనె రాచి, దీనిని ఎవరు వాడిరో ఒక పలకమీద వ్రాసి నిలిపినచో అడ్డువచ్చువారెవరు? అడ్డు మన చేతుల శుభ్రతయే.

ఇంకొక మాట. వస్తువును బాగుచేయు పని మనకు హీనమగుటచేతనే, ఆ వస్తువుతో బ్రదికినవారి చరిత్రయు హీనమైనది. మంత్రుల జీవితములు వ్రాసికొంటిమి, కవుల జీవితములు వ్రాసికొంటిమి. లారీ తోలినవాని జీవితము ఎవరు వ్రాసిరి? ఆషావాలో ఆ వృద్ధుడు లారీ తలుపు లోపలి పెయింటు పొరలను ఒక్కొక్కటిగా రాచుచు, అడుగున పూర్వపు సంఖ్య కనబడునాయని వెదకుచుండెను. అంకె దొరికిన, ఆ బండి ఏ దళమున నుండెనో తెలియునట. తనకు ఏమియు కాని డ్రైవరు కొరకు ఆయన ఒక వేసవి వెచ్చించుచున్నాడు. సొంత మేనమామ కొరకు మేమొక సాయంకాలము వెచ్చింపలేదు.

సాయంకాలము కారులో మనుమరాలు, "ఏమంటారు తాతగారూ?" అని యడిగినది. మేము దారి పొడవున మేనమామ సంగతియు, నక్షత్రము సంగతియు చెప్పితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "అయితే ఆ లారీ పనే నాకిమ్మని అడుగుతాను" అన్నది. ఇంటికి పోయి చేతులు కడుగుకొన్నది గాని, గోళ్ల సందులలో మడ్డి మిగిలినది. ఆ చేతులతోనే మాకు అన్నము వడ్డించినది. మేము తింటిమి.

దేశమునకు తిరిగివచ్చిన పిమ్మట వంటింటి పై అరలో వెదకితిమి. 1972లో ఆ ఇత్తడికి మారుగా వచ్చిన స్టీలు గిన్నె ఇంకను ఉన్నది. అంచుమీద మా అమ్మ పేరు చెక్కియున్నది. ప్రతి యింటి గిన్నెమీదను ఉండునట్లే. మేము ఊరి చెక్కుడుపనివానిని ఇంటిలోపలికి పిలిచి, కుర్చీ వేసి కూర్చుండబెట్టి, ఆ పేరు క్రింద మా మేనమామ పేరును, "డ్రైవరు, ఇటలీ" యనియు చెక్కించితిమి. అతడు ఎందులకని యడుగగా చెప్పితిమి. తన పెదతాతయు బర్మా యుద్ధమునకు పోయి రాలేదని అతడనెను. ఆయన పేరేమని మేమడిగితిమి. అతనికి తెలియదు. వాండ్ల నాయనమ్మకు తెలియునట, ఆమెకు తొంబదియేండ్లట. నేటి సాయంకాలమే పోయి అడుగుమని చెప్పి పంపితిమి.